ఒకే సిస్టమ్, ముగ్గురు మనుషులు: వీలునామా చిత్తులకు తాళం వేసిన పని డైరీ

కావలిలో సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి దగ్గరలో ఉన్న మా దస్తావేజు లేఖరుల గదిలో ఒకే కంప్యూటరును ముగ్గురం వాడుతాము. పార్టీలు మమ్మల్ని నమ్మి ఇచ్చిన కాగితాలు పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి కనిపించకుండా, యంత్రం రిపేరుకు వెళ్లినా బయటపడకుండా చేయడానికి ఏ పద్ధతి ఎంతవరకు పనికి వచ్చిందో ఈ డైరీలో వరుసగా రాస్తున్నాను. ఒంగోలులోనో ఆత్మకూరులోనో ఇటువంటి గది నడుపుతున్నవారు ఇక్కడ విఫలమైన దశలను వదిలి నేరుగా నాలుగో దశ నుంచి మొదలుపెట్టవచ్చు, కాని ఐదో దశను మాత్రం వదలకూడదు.

దశ 0: యంత్రం, మనుషులు, కొలబద్ద

యంత్రం మూడో తరం ఐ3 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు ఉన్న పాత డెస్క్‌టాప్. విండోస్ 10 హోమ్ ఎడిషన్ నడుస్తున్నది. డిస్కు సి, డి అని రెండు భాగాలుగా ఉన్నది. ఉదయం గురువుగారు ఈసీలు (ఆస్తి మీది పాత లావాదేవీలను చూపే ధ్రువపత్రాలు), చలానాలు చూసుకుంటారు, పగలంతా నేను చిత్తులు తయారు చేస్తాను, సాయంత్రం టైపు నేర్చుకుంటున్న కుర్రవాడు కూర్చుంటాడు. అందరికీ ఒకే ఖాతా, అదీ పాస్‌వర్డు లేని అడ్మిన్ ఖాతా.

అన్ని ఫైళ్లకూ ఒకే రకమైన తాళం అక్కరలేదు. క్రయ దస్తావేజు రిజిస్టరు అయిన తరువాత ఒకటో పుస్తకంలోకి ఎక్కుతుంది, ఫీజు కడితే ఎవరైనా దాని నకలు తీసుకోవచ్చు. వీలునామా మూడో పుస్తకంలోకి ఎక్కుతుంది, రాసిన మనిషి బతికి ఉన్నంతకాలం ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప మరొకరికి నకలు ఇవ్వరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరిచే వీలు కూడా కల్పించింది. చట్టం అంత జాగ్రత్తగా కాపాడిన విషయం మా డి డ్రైవులో "వీలునామా ఫైనల్ 2" అనే పేరుతో బహిరంగంగా పడి ఉండటమే ఈ పని మొదలుపెట్టడానికి కారణం. వీలునామాలు, భాగపరిష్కార దస్తావేజుల చిత్తులు, ఆధార్ స్కానులు, బ్యాంకు కాగితాలు కలిపి తాళం వేయవలసినవి 6.2 జీబీ తేలాయి. మిగిలిన క్రయాలు, అద్దె అగ్రిమెంట్లు ఉన్నచోటనే ఉంచాను.

కొలత కోసం ఉత్తుత్తి పేర్లతో 40 ఫైళ్లు తయారు చేశాను. వాటిలో 20 వర్డ్ చిత్తులు, 20 స్కాను చేసిన బొమ్మలు. ప్రతి దశ తరువాత మూడు పరీక్షలు:

1. పక్క కుర్చీ: కుర్రవాడు తన ఖాతాలోనుంచి, ఏ సాఫ్ట్‌వేరూ దించకుండా వెతకాలి.
2. అడ్మిన్: అడ్మిన్ పాస్‌వర్డు తెలిసిన మనిషిగా నేనే వెతకాలి.
3. రిపేరు బల్ల: యంత్రాన్ని లినక్స్ ఉన్న పెన్‌డ్రైవుతో బూట్ చేసి డిస్కును చదవాలి.

మొదలుపెట్టే ముందు స్థితి (నలభైలో తెరవగలిగిన ఫైళ్ల సంఖ్య): పక్క కుర్చీ 40, అడ్మిన్ 40, రిపేరు బల్ల 40. ఖర్చు సున్నా.

దశ 1: దాచడం

ఫోల్డరు ప్రాపర్టీస్‌లో హిడెన్ అనే గడికి టిక్కు పెడితే ఫోల్డరు కనుమరుగవుతుంది. ఎక్స్‌ప్లోరరులో వ్యూ పట్టీలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ అనే గడికి ఎవరైనా టిక్కు పెడితే అది మసక రంగులో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కుర్రవాడికి అరనిమిషం కూడా పట్టలేదు. "ఏందన్నా, దాచింది ఇంతేనా?" అన్నాడు.

తరువాత కమాండ్ ప్రాంప్టులో అట్రిబ్ ఆదేశంతో హిడెన్ గుణానికి సిస్టమ్ గుణం కూడా జోడించాను. అప్పుడు ఆ టిక్కుకు ఫోల్డరు కనిపించదు. కాపాడిన సిస్టమ్ ఫైళ్లను దాచవద్దని వేరే చోట మరో సెట్టింగు మార్చాలి. కుర్రవాడికి ఆ సెట్టింగు తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. వర్డ్ తెరిచి ఓపెన్ నొక్కితే ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాలో చిత్తు పేరు, దాని కింద సన్నని అక్షరాలలో అది ఉన్న చోటు మొత్తం కనిపించాయి. ఆ చోటును ఎక్స్‌ప్లోరరు అడ్రసు పట్టీలో కొట్టగానే ఫోల్డరు తెరుచుకున్నది. దాచిన గుణం ఫోల్డరు పేరును చూపకుండా ఆపుతుందే గాని తెరవకుండా ఆపదు.

ఫోల్డరును మాయం చేస్తామని చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్లను నేను పరీక్షకు కూడా పెట్టలేదు. ఫైలులోని సమాచారాన్ని ఏ పద్ధతిలో మారుస్తాయో చెప్పనివాటి చేతిలో పార్టీల కాగితాలు పెట్టకూడదన్నది నా అభిప్రాయం. అటువంటి వాటిలో కొన్ని ఫోల్డరు పేరు మార్చి, ఇదే గుణాన్ని అంటించి ఊరుకుంటాయి.

ఇప్పటిదాకా: పక్క కుర్చీ 40, అడ్మిన్ 40, రిపేరు బల్ల 40. ఖర్చు సున్నా.

దశ 2: ముగ్గురికి మూడు ఖాతాలు

1. అడ్మిన్ అని వేరే ఖాతా సృష్టించి, దానికి పాస్‌వర్డు పెట్టాను. అది సాఫ్ట్‌వేరు ఎక్కించడానికి మాత్రమే.
2. ముగ్గురికీ పాస్‌వర్డు ఉన్న స్టాండర్డ్ ఖాతాలు ఇచ్చాను.
3. లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కాలని మానిటరు అంచున చీటీ అంటించాను.

మొదటి పరీక్షలో కుర్రవాడు మళ్లీ నలభైకి నలభై తెచ్చాడు. కారణం డి డ్రైవు. సి డ్రైవులో ఎవరి యూజర్ ఫోల్డరు వారికే పరిమితమైనా, డి డ్రైవులో మామూలుగా సృష్టించిన ఫోల్డర్లను యంత్రంలోకి లాగిన్ అయిన ప్రతి ఖాతా చదవగలదు, మార్చగలదు. విండోస్ అక్కడ అనుమతులను పుట్టుకతోనే అలా పెడుతుంది. ఫార్మాటు చేసినప్పుడు పోకుండా ఉంటాయని పని ఫైళ్లన్నీ డి డ్రైవులో పెట్టే అలవాటు మన ప్రాంతంలో దాదాపు అందరికీ ఉన్నది కాబట్టి, ఖాతాలు వేరు చేసి నిశ్చింతగా కూర్చున్నవారు ఈ ఒక్క విషయాన్ని ముందుగా సరిచూసుకోవాలి. పరీక్ష ఫైళ్లను నా ఖాతాలోని డాక్యుమెంట్స్‌లోకి మార్చిన తరువాత కుర్రవాడికి ఒక్కటీ దొరకలేదు.

అడ్మిన్ పరీక్షలో మరో సంగతి బయటపడింది. అడ్మిన్ ఖాతానుంచి నా యూజర్ ఫోల్డరును నొక్కితే, మీకు అనుమతి లేదు అనే చిన్న పెట్టె వస్తుంది, దానిలోనే కంటిన్యూ అనే మీట కూడా ఉంటుంది. దానిని నొక్కితే ఫోల్డరు తెరుచుకోవడమే కాక, ఆ అనుమతి ఆ ఖాతాకు శాశ్వతంగా రాసి ఉంటుంది. తరువాత ఎప్పుడు వచ్చినా పెట్టె కూడా అడ్డు రాదు.

లినక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేస్తే విండోస్ అనుమతులను అడిగేవారే ఉండరు, ఫైళ్లన్నీ చదవడానికి సిద్ధంగా కనిపించాయి.

ఇప్పటిదాకా: పక్క కుర్చీ 0, అడ్మిన్ 40, రిపేరు బల్ల 40. ఖర్చు సున్నా.

దశ 3: ఫైలు ఫైలుకు పాస్‌వర్డు

విండోస్‌లోనే ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేసే గడి ఒకటి ఉన్నది గాని హోమ్ ఎడిషన్‌లో అది బూడిద రంగులో పనిచేయకుండా ఉంటుంది. డిస్కు మొత్తానికి తాళం వేసే బిట్‌లాకరు కూడా ప్రో ఎడిషన్‌లోనే పూర్తిగా దొరుకుతుంది. ప్రో ఉన్నవారికైనా బిట్‌లాకరు రిపేరు బల్లకే సమాధానం. యంత్రం నడుస్తున్నంతసేపు డిస్కు తెరిచే ఉంటుంది కాబట్టి, నడుస్తున్న యంత్రంలో ఒక ఖాతానుంచి మరో ఖాతాను అది కాపాడదు.

వర్డ్‌లో ఫైలుకు పాస్‌వర్డు పెట్టాను. డాక్ఎక్స్ రకం ఫైలుకు పెట్టే పాస్‌వర్డు ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో నిజంగానే లోపలి విషయాన్ని పాస్‌వర్డు లేనిదే చదవలేని రూపంలోకి మారుస్తుంది. పాత డాక్ రకంలోని తాళం బలహీనమైనది, అటువంటి చిత్తులను ముందుగా కొత్త రకంలోకి మార్చుకోవాలి. ఎడిటింగును మాత్రమే ఆపే పాస్‌వర్డు చదవడాన్ని ఆపదు, ఆ రెండింటినీ ఒకటే అనుకోకూడదు. స్కాను బొమ్మలకు పాస్‌వర్డు పెట్టే మార్గమే లేదు.

అన్నింటికంటే పెద్ద లోపం పేరు. "24 అంకణాల ఇల్లు చిన్నకోడలికి" అనే పేరున్న ఫైలుకు ఎంత బలమైన తాళం వేసినా ప్రయోజనం లేదు, తెలుసుకోవలసినది పేరులోనే ఉన్నది. జిప్‌లో కట్టినా ఇదే పరిస్థితి. జిప్ రకంలో లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డు లేకుండానే కనిపిస్తాయి, దాని పాత తాళాన్ని ఛేదించే మార్గం 1994లోనే ప్రచురితమైంది. 7-జిప్‌లోని 7జెడ్ రకంలో పేర్లను కూడా దాచే గడి ఉన్నది, కాని ఫైలును నేరుగా అందులోనుంచి తెరిస్తే దాని ప్రతిని తాత్కాలిక ఫోల్డరులోకి విప్పి చూపిస్తుంది. కరెంటు పోయి యంత్రం ఆగినప్పుడు ఆ ప్రతి అక్కడే ఉండిపోయింది.

రోజూ తెరిచి మూసే చిత్తులకు ఈ పద్ధతి కుదరదని వదిలేశాను. పార్టీకి మెయిలులో పంపవలసిన ఒక్క ఫైలుకు మాత్రం ఇప్పటికీ 7జెడ్ వాడుతున్నాను.

ఇప్పటిదాకా: అడ్మిన్ పరీక్షలోను, రిపేరు బల్ల మీదను తెరవగలిగినవి 20, పేరు చదవగలిగినవి 40. ఖర్చు సున్నా.

దశ 4: వెరాక్రిప్ట్ పెట్టె

వెరాక్రిప్ట్ 2013లో ట్రూక్రిప్ట్ మూలంనుంచి పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేరు, దాని కోడ్ అందరికీ బహిరంగం. డిస్కు మీద ఒకే పెద్ద ఫైలు ఉంటుంది, పాస్‌వర్డు ఇస్తే అది వేరే డ్రైవులా తెరుచుకుంటుంది, మూస్తే మళ్లీ అర్థం లేని ఫైలుగా మారుతుంది. ఇకమీద దీనిని పెట్టె అంటాను.

1. అడ్మిన్ ఖాతాతో సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. తరువాత స్టాండర్డ్ ఖాతాలు పెట్టెను తెరవగలవు.
2. పెట్టె పరిమాణం ముందే నిర్ణయించాలి. 6.2 జీబీకి నేను 16 జీబీ తీసుకున్నాను.
3. ఎన్‌క్రిప్షన్‌కు ఏఈఎస్, పాస్‌వర్డునుంచి తాళం తయారు చేసే హ్యాష్ పద్ధతికి ఎస్‌హెచ్‌ఏ-512 ఎంచుకోవాలి. లోపల ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాటు వేయాలి, దీనికి అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతుంది.
4. పాస్‌వర్డు 20 అక్షరాలకు తగ్గకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని కొన్ని తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా రాస్తే గుర్తుంటుంది.
5. పెట్టెకు వి అనే డ్రైవు అక్షరం స్థిరంగా ఇవ్వాలి.

కొలతలు. ఈ ప్రాసెసరులో ఏఈఎస్‌కు ప్రత్యేక ఏర్పాటు లేకపోయినా బెంచ్‌మార్కులో సెకనుకు 200 ఎంబీ పైన చూపించింది. మా డిస్కు ఇచ్చేదే సెకనుకు 90 ఎంబీ లోపు, కనుక తాళం వల్ల పని మందగించలేదు. 16 జీబీ పెట్టె తయారవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. 6.2 జీబీ చిన్న ఫైళ్లను లోపలికి ఎక్కించడానికి 25 నిమిషాలు పట్టింది. ఆ ఆలస్యం ఒకే డిస్కు మీద చదవడం, రాయడం రెండూ జరగడం వల్ల వచ్చినది. పెట్టె తెరుచుకోవడానికి మొదట ఆరు సెకన్లు పట్టేది, పాస్‌వర్డు గడి దగ్గర హ్యాష్ పద్ధతిని ఎస్‌హెచ్‌ఏ-512 అని ముందే ఎంచి పెడితే రెండు సెకన్లకు దిగింది. ఎంచకపోతే అది అన్ని పద్ధతులనూ ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నిస్తుంది.

ఇక అడ్డంకులు. సరైన పాస్‌వర్డునే కొడుతున్నా పెట్టె కొన్నిసార్లు తెరుచుకోలేదు. చిత్తులు తెలుగులో కొట్టడానికి మేము అను స్క్రిప్ట్ మేనేజరు వాడుతాము. దాని కీబోర్డు ఆన్‌లో మిగిలిపోతే మీటలు వేరే అక్షరాలుగా పడతాయి, గడిలో చుక్కలు తప్ప ఏమీ కనిపించవు కనుక తేడా తెలియదు. పాస్‌వర్డును చూపే గడికి టిక్కు పెట్టి చూసినప్పుడే సంగతి తెలిసింది. ఇప్పుడు పెట్టెను తెరిచిన తరువాతనే అను తెరవాలనేది గదిలో నియమం.

రెండో అడ్డంకి తీవ్రమైనది. పెట్టెను తెరిచి ఉంచి, లాగ్‌ఆఫ్ కాకుండా యూజరును మాత్రం మార్చి కుర్రవాడికి కుర్చీ ఇచ్చాను. అతని ఎక్స్‌ప్లోరరులో వి డ్రైవు దర్జాగా కనిపించింది, నలభై ఫైళ్లూ తెరుచుకున్నాయి. తెరిచి ఉన్న పెట్టె ఆ సమయంలో లాగిన్ అయి ఉన్న ఖాతాలన్నింటికీ తెరిచినట్టే లెక్క, యూజరును మార్చినంత మాత్రాన అది మూసుకోదు. దీనికి రెండు మార్పులు చేశాను. మొదటిది, వి డ్రైవు లోపలి అనుమతులలో అందరికీ అనుమతి ఇచ్చే పేరు తీసివేసి నా ఖాతాను మాత్రమే ఉంచాను. రెండోది, వెరాక్రిప్ట్ ప్రిఫరెన్సెస్‌లో లాగ్‌ఆఫ్ అయినప్పుడు, తెరకు తాళం పడినప్పుడు, యంత్రం నిద్రలోకి వెళ్లినప్పుడు పెట్టె దానంతట అదే మూసుకునేలా పెట్టాను.

అయితే వర్డ్‌లో ఒక చిత్తు తెరిచి ఉంటే పెట్టె మూసుకోదు. తెరిచిన ఫైలు ఉన్నా బలవంతంగా మూయమనే గడి ఒకటి ఉన్నది, దానికి టిక్కు పెడితే మూసుకుంటుంది గాని సేవ్ చేయని భాగం పోతుంది. ఈ రెండింటి మధ్య గదిలో కొంత చర్చ జరిగింది. పార్టీ పిలిస్తే లేచి వెళ్లే చోట, పోయిన పేరాను మళ్లీ కొట్టుకోవచ్చు, బయటపడిన వీలునామాను వెనక్కు తీసుకోలేము అని గురువుగారు తేల్చారు. కాబట్టి బలవంతపు గడికి టిక్కు పెట్టి ఉంచాను, కొంతసేపు వాడకపోతే మూయమనే గడియారాన్ని మాత్రం తీసివేసి, తెరకు తాళం 15 నిమిషాలకు పడేలా చేశాను. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కిన తరువాతనే విండోస్, ఎల్ నొక్కాలని మానిటరు మీది చీటీని సవరించాను.

పెట్టెలో మరో రహస్య పెట్టె పెట్టే సౌకర్యం కూడా వెరాక్రిప్ట్‌లో ఉన్నది. పాస్‌వర్డు చెప్పమని బలవంతపెట్టేవారు ఎదురైనప్పుడు పైపెట్టెది చెప్పి తప్పించుకోవడానికి అది ఉద్దేశించినది. మా గదికి అటువంటి మనుషులెవరూ రారు. పైగా జాగ్రత్త లేకుండా పైపెట్టెలోకి ఎక్కువ ఫైళ్లు ఎక్కిస్తే లోపలిది చెడిపోతుంది. అక్కర లేదు.

ఇప్పటిదాకా, పెట్టె మూసి ఉన్నప్పుడు: పక్క కుర్చీ 0, అడ్మిన్ 0, రిపేరు బల్ల 0. ఖర్చు సున్నా.

దశ 5: పెట్టె బయట మిగిలిన జాడలు

పైన రాసిన సున్నాలు డి డ్రైవుకు, డాక్యుమెంట్స్‌కు సంబంధించినవి. నలభై పరీక్ష ఫైళ్లను పెట్టెలో ఉంచి, మామూలు పని దినంలా వాటిని తెరిచి, సరిచేసి, కొన్నింటిని ప్రింటు తీసి, కొన్నింటిని వాట్సాప్‌లో తెప్పించుకుని, పెట్టె మూశాను. తరువాత లినక్స్‌తో బూట్ చేసి సి డ్రైవు మొత్తం వెతికితే 11 ఫైళ్లు తాళం లేకుండా దొరికాయి. వాటి వివరం: డౌన్‌లోడ్స్‌లో 6, వర్డ్ ఆటో రికవర్ ఫోల్డరులో 3, ప్రింటరు వరుసలో 1, తాత్కాలిక ఫోల్డరులో 1.

డౌన్‌లోడ్స్‌లో అన్ని ఉండటం మా వృత్తి తీరు వల్ల జరిగినది. పార్టీ తన ఊరినుంచి ఆధార్‌ను, పాసుపుస్తకం పేజీలను వాట్సాప్‌లో పంపిస్తుంది, మేము వాట్సాప్ వెబ్‌లో తెరిచి దించుకుంటాము, పెట్టెలోకి కాపీ చేస్తాము. అసలు ప్రతి డౌన్‌లోడ్స్‌లోనే ఉండిపోతుంది, దానికి ఏ తాళమూ లేదు. బ్రౌజరులో ప్రతి ఫైలుకూ ఎక్కడ దించాలో అడిగే సెట్టింగు పెట్టాను, ఇప్పుడు నేరుగా వి డ్రైవులోకే దిగుతాయి. ఫోనులోని లింక్డ్ డివైసెస్ జాబితానుంచి సాయంత్రం యంత్రాన్ని తీసివేస్తున్నాను. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది కనుక, చిత్తు తయారీ దశలో అది చాలునని పార్టీలకు చెబుతున్నాము. పూర్తి నంబరు రిజిస్ట్రేషన్ రోజున అసలు కార్డులోనే చూసుకోవచ్చు.

ఆటో రికవర్ సంగతి వేరు. కరెంటు పోతే చిత్తు పోకుండా వర్డ్ కొన్ని నిమిషాలకొకసారి తన ప్రతిని నా ఖాతాలోని ఒక లోపలి ఫోల్డరులో రాసుకుంటుంది. ఈ చోటును వర్డ్ ఆప్షన్స్‌లో వి డ్రైవులోకి మార్చాను. దీనివల్ల ఒక ఇబ్బంది వచ్చింది: పెట్టె బలవంతంగా మూసుకుంటే అసలు ఫైలుతో పాటు దాని కాపుదల ప్రతీ అందకుండా పోతుంది. అందుకే పైన చెప్పిన కంట్రోల్, ఎస్ నియమం సౌకర్యం కోసం పెట్టినది కాదు, తప్పనిసరి. ఇటీవలి ఫైళ్ల జాబితాలో చూపే సంఖ్యను వర్డ్‌లో సున్నా చేశాను, విండోస్ సెట్టింగులలో జంప్ లిస్టులకు ఇచ్చిన అనుమతీ తీసివేశాను.

ప్రింటరు విషయాన్ని దగ్గరగా చూడవలసి వచ్చింది. వర్డ్‌లో ప్రింటు నొక్కగానే విండోస్ ఆ పత్రాన్ని మొదట సిస్టమ్ ఫోల్డరులోని స్పూల్ అనే చోట ఫైలుగా రాస్తుంది, ప్రింటు అయిపోగానే చెరిపేస్తుంది. అయిపోకపోతే చెరపదు. పరీక్షలో కాగితం ట్రే ఖాళీగా ఉంచి ఒక వీలునామా చిత్తుకు ప్రింటు ఇచ్చి, ప్రింటరు ఆపి, పెట్టె మూసి, నా ఖాతానుంచి లాగ్‌ఆఫ్ అయ్యాను. మరుసటి ఉదయం గురువుగారు తన ఖాతాలో ఈసీ ప్రింటు తీయడానికి ట్రేలో కాగితం పెట్టి ప్రింటరు ఆన్ చేయగానే మొదట బయటికి వచ్చినది ఆ వీలునామా మొదటి పేజీ. అంతకుముందే వరుస జాబితాలో "మైక్రోసాఫ్ట్ వర్డ్", ఒక చిన్న గీత, ఆ తరువాత ఫైలు పూర్తి పేరు ఎవరి ఖాతాలోనుంచి చూసినా కనిపిస్తున్నాయి. మార్పులు:

1. ప్రింటరు ప్రాపర్టీస్‌లో ప్రింటు అయిన పత్రాలను ఉంచమనే గడికి టిక్కు లేదని నిర్ధారించుకున్నాను.
2. పెట్టె మూసే ముందు ప్రింటు వరుస ఖాళీ అయిందో లేదో చూడటం అలవాటు చేసుకున్నాను.
3. ఫైళ్ల పేర్లలో మనుషులు, ఆస్తులు, బంధుత్వాలు ఉండకుండా, సంవత్సరం, వరుస సంఖ్య మాత్రమే పెట్టి, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే పట్టికను పెట్టెలోపల ఉంచాను.

మరొకటి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే యంత్రం ఆపినప్పుడు జ్ఞాపకంలోని (ర్యామ్‌లోని) కొంత భాగం డిస్కు మీద ఒక పెద్ద ఫైలుగా రాయబడుతుంది. హైబర్నేషన్‌లో అయితే మొత్తం జ్ఞాపకం రాయబడుతుంది, తెరిచి ఉన్న పెట్టె తాళం కూడా అందులో చేరవచ్చు. హైబర్నేషన్‌ను పూర్తిగా ఆపేశాను. 3 జీబీకి పైగా ఖాళీ కూడా దొరికింది, యంత్రం ఆన్ అవడానికి మాత్రం ఇప్పుడు కొంత ఎక్కువ సమయం పడుతున్నది.

ఇప్పటిదాకా: మార్పుల తరువాత అదే పని దినాన్ని మళ్లీ నడిపితే రిపేరు బల్ల మీద దొరికినవి 11 నుంచి 1కి తగ్గాయి. ఆ ఒకటి స్కానరు సాఫ్ట్‌వేరు తన సొంత ఫోల్డరులో ఉంచుకున్న బొమ్మ. దాని చోటును కూడా వి డ్రైవుకు మార్చిన తరువాత 0. ఖర్చు సున్నా.

దశ 6: నకళ్లు

ఒకే పెట్టెలో అన్నీ పెట్టినప్పుడు ఆ ఒక్క ఫైలు చెడిపోతే అన్నీ పోతాయి. 64 జీబీ పెన్‌డ్రైవులు రెండు కొన్నాము, ఒక్కొక్కటి రూ. 550. మొదటి కాపీ 4 జీబీ దగ్గర ఆగిపోయింది. పెన్‌డ్రైవు ఫ్యాట్32 ఫార్మాటులో ఉంటే అంతకంటే పెద్ద ఫైలును తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాటు చేస్తే సరిపోయింది.

ఆ తరువాత సాయంత్రం వేళ, మారిన ఫైళ్లను మాత్రమే కాపీ చేసే రోబోకాపీ అనే విండోస్ ఆదేశంతో పెట్టెను పెన్‌డ్రైవుకు చేర్చే చిన్న బ్యాచ్ ఫైలు రాశాను. అది ఏ లోపమూ చూపకుండా చాలా వేగంగా ముగిసేది. ఆ వేగమే అనుమానం కలిగించింది. పెన్‌డ్రైవులోని పెట్టెను తెరిచి చూస్తే కొత్త చిత్తులేవీ అందులో లేవు. రోబోకాపీ ఫైలు పరిమాణం, మార్పు సమయం ఈ రెండింటిలో ఏదో ఒకటైనా మారితేనే కొత్తది అనుకుంటుంది. పెట్టె పరిమాణం ఎప్పుడూ 16 జీబీయే, మార్పు సమయాన్ని కూడా వెరాక్రిప్ట్ రహస్యం కోసం పాతదిగానే ఉంచుతుంది. అంటే లోపల ఎంత మారినా బయటికి ఏమీ మారనట్టే కనిపిస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో పెట్టెల మార్పు సమయాన్ని కాపాడమనే గడికి టిక్కు తీసివేయగానే కాపీ సరిగా జరిగింది, 16 జీబీకి 14 నిమిషాలు పట్టింది. క్లౌడ్‌లోకి పంపేవారికి కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది. నకలు ఉన్నదా అని చూడటం చాలదు, నెలకొకసారి నకలును తెరిచి అందులో నిన్నటి ఫైలు ఉన్నదా అని చూడాలి.

పెట్టె శీర్షభాగం చెడితే పాస్‌వర్డు సరైనదైనా తెరుచుకోదు కాబట్టి, టూల్స్‌లో ఉన్న వాల్యూమ్ హెడర్ బ్యాకప్ వేరుగా తీసుకున్నాను. దీనికి ఒక షరతు ఉన్నది: పాస్‌వర్డు మార్చిన తరువాత కూడా పాత హెడర్ నకలు పాత పాస్‌వర్డుతో పెట్టెను తెరవగలదు. పాస్‌వర్డు మారిన రోజున పాత హెడర్ నకళ్లను, పాత పెట్టె నకళ్లను చెరిపి కొత్తవి తీసుకోవాలి.

పాస్‌వర్డు మరిచిపోతే వెరాక్రిప్ట్‌లో తిరిగి తెచ్చుకునే దారి లేదు. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతికించిన చోట సంతకం చేసి గురువుగారి బ్యాంకు లాకరులో పెట్టాము. రెండో పెన్‌డ్రైవు ఆయన ఇంట్లో ఉంటుంది, కవరు, పెన్‌డ్రైవు ఒకే చోట ఉండవు.

ఇప్పటిదాకా: నకళ్లు 2. ఖర్చు రూ. 1,100.

దశ 7: పాత ప్రతులను తుడవడం

డి డ్రైవులోని పాత చిత్తులను పెట్టెలోకి చేర్చి, అక్కడినుంచి చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. చెరిపిన ఫైలు డిస్కు మీద మరొకటి వచ్చి రాసేంతవరకు అలాగే ఉంటుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాధనంతో వెతికితే చెరిపిన నలభై పరీక్ష ఫైళ్లలో 23 తిరిగి వచ్చాయి. పేర్లు పోయినా లోపలి విషయం చెక్కుచెదరలేదు.

దీనికి విండోస్‌లోనే ఉన్న సైఫర్ ఆదేశాన్ని డబ్ల్యూ స్విచ్చుతో డి డ్రైవు మీద నడిపాను. అది ఖాళీ స్థలం మొత్తాన్ని మొదట సున్నాలతో, తరువాత ఒకట్లతో, చివర యాదృచ్ఛిక అంకెలతో మూడుసార్లు నింపుతుంది. ఉన్న ఫైళ్లను ముట్టదు. మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాలకు మించి నిలవలేదు. యంత్రం తిరిగి ఆన్ చేస్తే డి డ్రైవు పూర్తిగా నిండిపోయినట్టు ఎర్ర పట్టీ కనిపించింది. సైఫర్ పనిచేసేటప్పుడు డ్రైవు మొదట్లో ఈఎఫ్‌ఎస్‌టీఎమ్‌పీడబ్ల్యూపీ అనే ఫోల్డరు సృష్టించి అందులో నింపుతుంది, ఆగిపోతే ఆ ఫోల్డరు అలాగే మిగులుతుంది. దానిని చెరిపితే ఖాళీ తిరిగి వచ్చింది. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించి, రాత్రి పూట మళ్లీ నడిపితే 300 జీబీ ఖాళీకి మూడు గంటలు దాటింది. తరువాత సి డ్రైవుకు కూడా ఇదే పని చేశాను. ఫోటోరెక్ పరీక్షలో 23 నుంచి 0కి వచ్చింది.

ఎస్‌ఎస్‌డీ ఉన్నవారు ఈ దశను నమ్ముకోకూడదు. ఎస్‌ఎస్‌డీ లోపల అరుగుదలను సమంగా పంచడానికి రాతలను తనకు తోచిన చోట వేస్తుంది, పాత ప్రతి ఉన్న చోటే కొత్త అంకెలు పడతాయన్న హామీ లేదు. అటువంటి యంత్రంలో మొదటి రోజునుంచే చిత్తులను పెట్టెలోపల పుట్టించాలి. పెన్‌డ్రైవులకూ ఇదే వర్తిస్తుంది కాబట్టి, పార్టీలు ఇచ్చే పెన్‌డ్రైవుల మీద మా చిత్తులను ఇకమీద వేయడం లేదు, కాగితం మీదనే చూపిస్తున్నాము.

ఇప్పటిదాకా: పక్క కుర్చీ 0, అడ్మిన్ 0, రిపేరు బల్ల 0, చెరిపినవాటిలో తిరిగి వచ్చినవి 0. బ్యాటరీకి రూ. 900 కలిపి ఖర్చు రూ. 2,000.

మిగిలిన పనులు

అడ్మిన్ సున్నా అనేది పెట్టె మూసి ఉన్నప్పటి మాట. పెట్టె తెరిచి ఉండగా అడ్మిన్ పాస్‌వర్డు తెలిసిన మనిషి కూర్చుంటే లోపలి అనుమతులు ఆపలేవు, కొట్టే మీటలను దొంగచాటుగా నమోదు చేసే సాఫ్ట్‌వేరు ఎక్కించినా పెట్టె ఆపలేదు. అందువల్ల అడ్మిన్ పాస్‌వర్డు ఇప్పుడు గురువుగారికి, నాకు మాత్రమే తెలుసు. యంత్రం రిపేరుకు వెళ్లి వస్తే పెట్టెను తెరిచే ముందు విండోస్‌ను కొత్తగా ఎక్కించాలని నిర్ణయించాము.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఈ పాత యంత్రంలో లేదు. మరో యంత్రం కొనే వరకు బ్రౌజరు, వాట్సాప్ పనులను ఇందులోనుంచి తీసివేసి గురువుగారి ఫోనుకు మార్చి, ఆ ఫైళ్లను కేబులుతో నేరుగా వి డ్రైవులోకి దించే ఏర్పాటును ఇప్పుడు పరీక్షిస్తున్నాను. ఫోను గ్యాలరీలో మిగిలే ప్రతుల లెక్క ఇంకా తేలవలసి ఉన్నది.